ఊపిరాడుతూనే ఉంటుంది

1875 ఏప్రిల్ 15న పారిస్‌లోని లా విల్లెట్ గ్యాస్ కర్మాగారం నుంచి ‘జెనిత్’ అనే బెలూన్ పైకి లేచింది. దాని కింద వేలాడే బుట్టలో ముగ్గురు ఫ్రెంచివాళ్ళు ఉన్నారు: గాస్టన్ టిసాండియే, జోసెఫ్ క్రోసె స్పినెల్లి, థియొడోర్ సివెల్. ఎనిమిది వేల మీటర్లు దాటి అక్కడి గాలిని పరీక్షించి రావాలన్నది వాళ్ళ సంకల్పం. ముగ్గురూ తెలిసినవాళ్ళే, ముందూ వెనకా చూసుకోకుండా దూకే రకం కాదు. క్రోసె స్పినెల్లి, సివెల్ అంతకు ఏడాది ముందే పాల్ బెర్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త చేయించిన ఇనప గదిలో కూర్చున్నారు. లోపలి గాలిని తోడేస్తూ పోతే తమ శరీరాలు ఏమవుతాయో స్వయంగా చూసుకున్నారు. ఆ అనుభవంతోనే ఆక్సిజన్ ఎక్కువగా కలిపిన గాలిని మూడు చిన్న సంచుల్లో నింపి, గొట్టాలు తగిలించి వెంట తీసుకెళ్ళారు.

ఆ సంచులు చాలవని, అప్పుడు ఊళ్ళో లేని బెర్ట్ ఉత్తరం రాశాడు. అది అందేసరికి ఏర్పాట్లు మార్చే వ్యవధి లేదు. ఉన్నది కొంచెమే కాబట్టి నిజంగా అవసరం అనిపించినప్పుడే పీల్చుకుందామని వాళ్ళు నిర్ణయించుకున్నారు.

అవసరం అనిపించనే లేదు.

తర్వాత టిసాండియే రాసిన వివరాలు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఏడున్నర వేల మీటర్ల దగ్గర శరీరం, మనసు రెండూ మెల్లగా మందగించాయి. బాధ లేదు, భయం లేదు. పైపెచ్చు లోలోపల ఒక సంతోషం. ఆక్సిజన్ గొట్టం అందుకుందామనుకున్నాడు, చెయ్యి లేవలేదు. ఎనిమిది వేల మీటర్లు చేరామని అరుద్దామనుకున్నాడు, నాలుక కదల్లేదు. స్పృహ తప్పింది. మధ్యలో ఒకసారి తెలివి వచ్చి మళ్ళీ పోయింది. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో కళ్ళు తెరిచేసరికి బెలూన్ వేగంగా కిందికి దిగుతోంది, పక్కన స్నేహితులిద్దరూ నల్లబడిన ముఖాలతో చనిపోయి ఉన్నారు. బెలూన్ పారిస్‌కు దక్షిణాన ఎంతో దూరంలో సిరోన్ అనే పల్లె దగ్గర వాలింది. వెంట తీసుకెళ్ళిన పరికరాలు అవి చేరిన ఎత్తు 8,600 మీటర్లకు అటూ ఇటూ ఉందని చూపించాయి. టిసాండియే బతికాడు గానీ వినికిడి పోయింది.

ముక్కు, నోరు ఎవరూ మూయలేదు. ఊపిరితిత్తులు చివరిదాకా గాలిని లోపలికి లాగుతూ, బయటికి వదులుతూనే ఉన్నాయి. అయినా ఇద్దరు పోయారు. వైద్యులు కేసు షీటులో ‘హైపాక్సియా’ అని రాసే స్థితి ఇదే.

శరీర కణజాలానికి దాని పనికి కావలసినంత ఆక్సిజన్ అందకపోవడమే హైపాక్సియా. ఇది ఒక జబ్బు పేరు కాదు. ఆయాసానికి మారుపేరూ కాదు. దీని చుట్టూ తిరిగే మాటలు మరికొన్ని ఉన్నాయి, ఆసుపత్రి వరండాల్లో అవన్నీ కలగాపులగం అవుతుంటాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే హైపాక్సీమియా. ఒక అవయవానికి రక్తమే పారకపోతే ఇస్కీమియా. ఆక్సిజన్ పూర్తిగా లేకుండా పోతే అనాక్సియా. గొంతు నొక్కినట్టుగా గాలి రాకపోకలు ఆగి, ఆక్సిజన్ తగ్గుతూ కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుపోతే ఆస్ఫిక్సియా. చివరిదానిలో మనిషి కొట్టుకుంటాడు, గింజుకుంటాడు. హైపాక్సియాలో మాత్రం చాలాసార్లు గింజుకోవడం ఉండదు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క తేడా గురించే.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. మచిలీపట్నం సముద్రపు ఒడ్డునా, ఎవరెస్టు కొసనా గాలిలో ఆక్సిజన్ 20.9 శాతమే. తగ్గేది గాలి పీడనం. ప్రాణి బతకడానికి లెక్కలోకి వచ్చేది మొత్తం గాలి బరువు కాదు, అందులో ఆక్సిజన్ వంతుకు వచ్చే పీడనమేనని పాల్ బెర్ట్ ప్రయోగాల మీద ప్రయోగాలు చేసి తేల్చాడు. పిచ్చుకలను గాజు గంటల కింద పెట్టి చూశాడు, కుక్కలను చూశాడు, చివరికి తానే ఇనప గదిలోకి వెళ్ళి తల తిరిగినప్పుడల్లా సంచిలోంచి ఆక్సిజన్ పీల్చి తేరుకున్నాడు. 1878లో అచ్చయిన ఆయన గ్రంథం వెయ్యి పేజీలు దాటుతుంది. ఎత్తుల వైద్యానికీ, విమానయాన వైద్యానికీ పునాది ఆ పుస్తకమే.

సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఆక్సిజన్ వాటా సుమారు 160. ముక్కులోంచి వెళుతూ గాలి తడి పుచ్చుకునేసరికి అది 150 అవుతుంది. ఊపిరితిత్తుల గాలిగదుల్లో 100. అక్కడి నుంచి ధమనుల రక్తంలోకి వచ్చేసరికి ఇంకొంచెం తగ్గుతుంది. కణజాలం వాడుకున్నాక సిరల్లో తిరిగివచ్చే రక్తంలో 40 మిగులుతుంది. కణం లోపల ఆక్సిజన్‌ను నిజంగా ఖర్చుచేసే మైటోకాండ్రియా దగ్గర మిగిలేది కొద్ది మిల్లీమీటర్లే. కృష్ణా కాలువ నీళ్ళు తలదగ్గర నిండుగా పారుతున్నా చివరి ఆయకట్టు రైతు పొలానికి పిల్లకాలువలో సన్నటి ధారగా చేరినట్టు, ఆక్సిజన్ కూడా మెట్టు మెట్టుకూ తగ్గుతూ చేరుతుంది. ఏ మెట్టు దగ్గర తేడా వచ్చినా ఎండేది చివరి పొలమే.

ఎవరెస్టు మీద గాలి పీడనం ఎంత? 1981లో ఒక అమెరికన్ పరిశోధక బృందం శిఖరం మీదే కొలిస్తే 253 మిల్లీమీటర్లు వచ్చింది. తడి పుచ్చుకున్న గాలిలో ఆక్సిజన్ వంతు 43 మాత్రమే. అంటే నేల మీద మన సిరల్లో వాడుకోగా మిగిలిన రక్తంలో ఎంత ఉంటుందో, అక్కడ పీల్చే గాలిలోనే దాదాపు అంత. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఖమ్మం కుర్రవాడు ఆనంద్ కుమార్‌తో కలిసి నిలబడింది ఆ గాలిలోనే. గురుకుల పాఠశాలల్లో చదివే ఆ ఇద్దరి తొలి శిక్షణ భువనగిరి కొండ రాతి మీద జరిగింది. పీడనం లెక్కలు తెలిసినవాళ్ళకు ఆ సాహసం మరింత పెద్దదిగా కనిపిస్తుంది.

2007లో బ్రిటిష్ వైద్యుల బృందం ఒకటి అంతకన్నా విచిత్రమైన పని చేసింది. శిఖరం నుంచి దిగుతూ 8,400 మీటర్ల దగ్గర ఆగి, ఆ గడ్డకట్టే చలిలో నలుగురు వైద్యులు తొడ దగ్గరి ధమనిలో సూది గుచ్చి ఒకరి రక్తం ఒకరు తీసుకున్నారు. షెర్పా ఆ సిరంజిలను 6,400 మీటర్ల దగ్గరున్న ప్రయోగశాలకు మోసుకెళ్ళాడు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సగటున 24.6 మిల్లీమీటర్లు, ఒకరిలో 19.1. ఆసుపత్రి మంచం మీది రోగికి ఆ అంకె వస్తే వైద్యులు పరుగులు పెడతారు. ఈ నలుగురూ మాట్లాడుతున్నారు, నడుస్తున్నారు. వారాల తరబడి కొండ మీద ఉండి శరీరాన్ని అలవాటు చేసుకోవడమే ఆ తేడాకు కారణం. సముద్రతీరంలో కాఫీ తాగుతున్న మనిషిని ఉన్నట్టుండి ఆ ఎత్తున దించితే కొద్ది నిమిషాల్లో పడిపోతాడు.

ఇంత ముఖ్యమైన సరుకు తగ్గిపోతుంటే శరీరం కేకపెట్టదా?

పెడుతుంది, కానీ వేరేదాని కోసం. ఊపిరి బిగబట్టి చూడండి. అరనిమిషం దాటాక గుండెల్లో పుట్టే ఆ తపన ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డై ఆక్సైడ్ పెరిగినందుకు. ఊపిరి వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది కార్బన్ డై ఆక్సైడేనని ఆక్స్‌ఫర్డ్‌లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ 1905లో చూపించారు. ఆక్సిజన్‌ను కనిపెట్టే కావలివాళ్ళు లేరని కాదు. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట గింజంత ముద్దలు రెండున్నాయి. వాటి పని కనిపెట్టినందుకే బెల్జియం శాస్త్రవేత్త హైమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. కానీ రక్తంలో ఆక్సిజన్ పీడనం 60కి దిగేదాకా అవి గట్టిగా స్పందించవు. స్పందించి ఊపిరి వేగం పెంచితే కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. అది పోయిందంటే తపన తగ్గుతుంది. ఒక కావలివాడు లేపితే ఇంకొకడు పడుకోబెడతాడు.

కోట్ల ఏళ్ళ పరిణామంలో ఈ ఏర్పాటు తప్పేమీ కాదు. నేల మీద తిరిగే జంతువుకు ఆక్సిజన్ తగ్గడం, కార్బన్ డై ఆక్సైడ్ పెరగడం ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఒకదాన్ని చూసుకుంటే రెండోదాన్ని చూసుకున్నట్టే. బెలూను, విమానం, నత్రజని ట్యాంకు, మురుగు మ్యాన్‌హోలు వచ్చాకే ఆ జంట విడిపోయింది.

మన పల్లె బావుల్లోనూ అది విడిపోతుంది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు దిగుడుబావిలో ఎవరెక్కువసేపు మునుగుతారో పందెం వేసుకుంటారు. గెలవాలన్న పట్టుదలతో మునిగే ముందు గబగబా పదీ ఇరవై సార్లు గాఢంగా ఊపిరి తీస్తారు. అలా తీయడంవల్ల రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అప్పటికే అది దాదాపు నిండుగా ఉంది. కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. నీళ్ళలో ఉండగా అది మళ్ళీ పెరిగి ‘పైకి రా’ అని చెప్పేలోపే ఆక్సిజన్ అడుగంటి స్పృహ పోతుంది. ఈత రానివాడు మునిగిపోవడం వేరు. ఇక్కడ పోయేది బాగా ఈత వచ్చినవాడు. పైన ఉన్నవాళ్ళు వాడింకా పందెంలోనే ఉన్నాడనుకుంటారు. పిల్లలకు ఈత నేర్పేవాళ్ళు చేతులు కాళ్ళు ఆడించడంతోపాటు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

మెదడు బరువు శరీరంలో రెండు శాతం, అది వాడుకునే ఆక్సిజన్ ఇరవై శాతం. మెదడుకు రక్తం పూర్తిగా ఆగిపోతే పది సెకన్లలో స్పృహ పోతుంది. కొద్ది నిమిషాలు దాటితే కణాలు తిరిగి బాగుపడనంతగా చెడిపోవడం మొదలవుతుంది. అయితే హైపాక్సియా మెల్లగా వచ్చినప్పుడు మొదట దెబ్బతినేది కదలిక కాదు, వివేకం. తన ఆలోచన మందగించిందని గుర్తించాల్సిన మెదడే మందగిస్తుంది.

2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నాకా నుంచి ఏథెన్స్‌కు బయల్దేరిన హీలియోస్ విమానం 522లో జరిగింది ఇదే. అంతకుముందు రాత్రి మరమ్మతు తనిఖీలో లోపలి పీడనాన్ని చూసుకునే మీట ‘మాన్యువల్’లో ఉండిపోయింది, ఎగిరే ముందు ఎవరూ గమనించలేదు. విమానం పైకి పోయేకొద్దీ లోపలి గాలి పలచబడింది. హెచ్చరిక మోగింది కూడా. కానీ ఆ శబ్దమే నేలమీద ఇంకొక లోపానికీ మోగుతుంది, పైలట్లు దాన్ని ఆ లోపమనుకున్నారు. ప్రయాణికుల తలల మీద మాస్కులు ఊడిపడిన తర్వాత కూడా కెప్టెన్ కింద ఉన్న ఇంజనీరుతో కూలింగ్ గురించి మాట్లాడుతూ ఉన్నాడు. కాసేపటికి మాట ఆగిపోయింది. ఆటోపైలట్ విమానాన్ని 34 వేల అడుగులకు తీసుకెళ్ళి, ఏథెన్స్ దగ్గర గాలిలోనే చక్కర్లు కొట్టించింది. గ్రీకు యుద్ధ విమానాల పైలట్లు దగ్గరికి వెళ్ళి చూస్తే కో పైలట్ ముందుకు వాలిపోయి ఉన్నాడు, కెప్టెన్ సీటు ఖాళీ. ఇంధనం అయిపోయాక కొండల్లో కూలింది. విమానంలో ఉన్న 121 మందీ చనిపోయారు.

విమానం ఎక్కిన ప్రతిసారీ ‘ముందు మీ మాస్కు పెట్టుకుని తర్వాత పిల్లలకు పెట్టండి’ అని చెబుతారు. అమెరికా వెళ్ళే తల్లులకు ఈ మాట కఠినంగా తోచవచ్చు. 35 వేల అడుగుల ఎత్తున పీడనం పోతే సక్రమంగా ఆలోచించి పనిచేయగల వ్యవధి అర నిమిషం నుంచి నిమిషం. తల్లి ఆ వ్యవధిని పిల్లవాడి మాస్కుతో పెనుగులాడుతూ గడిపితే ఇద్దరికీ సాయం చేసేవాళ్ళుండరు.

ఇక ఆకాశం నుంచి దిగి రక్తంలోకి వద్దాం. కేంబ్రిడ్జ్‌లో జోసెఫ్ బార్క్రాఫ్ట్ అనే ఆయన 1920లో ఒక గాజు గదిలో ఆరు రోజులు ఉండి, రోజురోజుకూ అందులోని ఆక్సిజన్‌ను తగ్గించుకుంటూ పోయి, చివర మణికట్టు దగ్గర ధమనిని తెరిపించుకుని రక్తం తీయించుకున్నాడు. ఆ ఏడాదే ఆయన ఆక్సిజన్ లోటును మూడు రకాలుగా విడదీశాడు. గాలిలోనో ఊపిరితిత్తుల్లోనో లోటు ఉండి రక్తంలోకే సరిగా ఎక్కకపోవడం మొదటిది. ఎక్కించుకునే హీమోగ్లోబిన్ తక్కువ కావడం రెండోది. రక్తం సరిగా పారకపోవడం మూడోది. ఆ తర్వాత పీటర్స్, వాన్ స్లైక్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు నాలుగోది చేర్చారు: అన్నీ సక్రమంగా చేరినా కణం వాడుకోలేకపోవడం. వందేళ్ళు దాటినా వైద్య విద్యార్థులు ఈ నాలుగింటినే చదువుతున్నారు.

ఈ విభజనలో రెండోది మన ఇళ్ళలోనే ఉంది. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. డెసిలీటరుకు 15 గ్రాములున్న మనిషి రక్తం వంద మిల్లీలీటర్లలో దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 7 గ్రాములున్న స్త్రీలో అందులో సగం కూడా ఉండదు. ఆమె వేలికి ఆక్సిమీటర్ పెడితే మాత్రం 98, 99 చూపిస్తుంది. ఆ పరికరం చెప్పేది ఉన్న హీమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండిందన్న సంగతే, ఎంత హీమోగ్లోబిన్ ఉందో చెప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సగానికి పైనే. ‘నీరసం’ అని తీసిపారేసే మాట వెనక ఎన్నో ఇళ్ళలో ఉన్నది ఈ హైపాక్సియాయే.

పెదవులు నీలంగా మారితేనే ప్రమాదమనుకునేవారికి ఇంకొక విషయం. ఆ నీలం రంగు కనబడాలంటే చిన్న రక్తనాళాల్లో ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ డెసిలీటరుకు ఇంచుమించు 5 గ్రాములు ఉండాలి. మొత్తం ఉన్నదే 6 గ్రాములైన మనిషిలో ఆ రంగు వచ్చే అవకాశం దాదాపు లేదు. ఆమె పాలిపోయే ఉంటుంది, నీలం కాకుండానే ప్రాణం మీదికి వస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్ కూడా ఈ రెండో రకంలోకే వస్తుంది. హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. చలికి తలుపులు మూసుకుని గదిలో పెట్టుకున్న బొగ్గుల కుంపటి, కరెంటు పోయినప్పుడు లోపల నడిపిన జనరేటర్, గాలి ఆడని స్నానాలగదిలోని గ్యాస్ గీజర్ దాన్ని పుట్టిస్తాయి. రంగు లేదు, వాసన లేదు. మామూలు ఆక్సిమీటర్ దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కగట్టి మంచి అంకె చూపిస్తుంది.

నాలుగో రకాన్ని తెలంగాణ, రాయలసీమ రైతులు వైద్య గ్రంథాలకన్నా ముందే ఎరుగుదురు. వానలు వెనకబట్టి జొన్న చేను బెట్టకు వచ్చినప్పుడు లేత మొక్కను గానీ, కోశాక వచ్చే పిలకలను గానీ పశువులు మేస్తే నాము తగులుతుంది. లేత జొన్నలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది, పశువు కడుపులో అది సైనైడ్‌ను విడుదల చేస్తుంది. కణంలో ఆక్సిజన్‌ను ఖర్చుపెట్టే ఎంజైమును సైనైడ్ కట్టిపడేస్తుంది. గాలి ఉంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, రక్తం నిండా ఆక్సిజన్ ఉంది, పశువు మాత్రం వణికి కింద పడుతుంది. కణాలు తీసుకోలేదు కాబట్టి సిరల్లో తిరిగివచ్చే రక్తం కూడా ధమని రక్తంలా ఎర్రగా మెరుస్తుంది. పశువైద్యులు సకాలంలో వచ్చి సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తే లేచి నిలబడుతుంది. హైపాక్సియా అంటే గాలి లేకపోవడం కాదు, కణానికి దక్కకపోవడం అని ఇంతకన్నా బాగా చూపించే ఉదాహరణ లేదు.

శరీరం చెప్పనిదాన్ని వేలి కొస మీద చూపించే సాధనాన్ని ఇచ్చినవాడు జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి. నిహోన్ కోహ్డెన్ కంపెనీలో పనిచేస్తూ 1974లో ఆయన పల్స్ ఆక్సిమెట్రీ సూత్రాన్ని ప్రకటించాడు. ఆక్సిజన్ నిండిన హీమోగ్లోబిన్ ఎర్రకాంతిని తక్కువగా, పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేనిది ఇందుకు విరుద్ధం. రెండు కాంతులనూ వేలి గుండా పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అది ధమని రక్తానిదే అవుతుంది. మత్తుమందు ఇచ్చే గదుల్లో ఈ పరికరం కాపాడిన ప్రాణాలు లెక్కలేనన్ని. అయోయాగి 2020 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ప్రపంచమంతా ఆయన పరికరం కోసం మందుల షాపుల ముందు నిలబడిన రోజులవి.

కోవిడ్‌లో వైద్యులను విస్మయపరిచింది ఒక దృశ్యం. ఆక్సిజన్ 80 శాతానికి, 70కి పడిపోయిన రోగులు ఫోన్ మాట్లాడుతూ, ‘బాగానే ఉన్నాను డాక్టరుగారూ’ అంటూ కూర్చున్నారు. దీనికి ‘హ్యాపీ హైపాక్సియా’ అని పేరు వచ్చింది. అంత బాధాకరమైన విషయానికి అది తగని పేరు. కారణంలో ఒక భాగం ముందే చెప్పుకున్నాం. కార్బన్ డై ఆక్సైడ్ ఊపిరితిత్తుల పొరల గుండా ఆక్సిజన్ కన్నా దాదాపు ఇరవై రెట్లు తేలికగా దాటిపోతుంది. ఊపిరితిత్తి పాడైనా అది బయటికి పోతూనే ఉంది, అందుకే తపన పుట్టలేదు. ఇంట్లో 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి రమ్మని చెప్పడం వెనక ఇంకొక లెక్క ఉంది. హీమోగ్లోబిన్ 90 శాతం నిండి ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ పీడనం 60. అక్కడిదాకా దారి చదునుగా ఉంటుంది, అది దాటాక నిటారుగా పడిపోతుంది. 98 నుంచి 94కి రావడం, 88 నుంచి 84కి రావడం ఒకటి కాదు.

ఆ పరికరాన్ని కళ్ళు మూసుకుని నమ్మడానికీ లేదు. చల్లబడిన వేలు, గోళ్ళరంగు, వణికే చెయ్యి అంకెను తప్పుదారి పట్టిస్తాయి. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ప్రకటించిన అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. ఆక్సిమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తుండగా, ధమని రక్తం తీసి పరీక్షిస్తే నిజానికి 88 కన్నా తక్కువున్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. చర్మం రంగు పెరిగేకొద్దీ ఆ పొరపాటు ప్రమాదకరమైన వైపే పెరుగుతోంది. నలుపు, చామనఛాయ మనుషులే ఎక్కువగా ఉన్న మన ఆసుపత్రుల్లో వైద్యులు, నర్సులు దీన్ని గుర్తుపెట్టుకుని తీరాలి. అంకె బాగుందని చెప్పి మగతగా ఉన్న రోగిని ఇంటికి పంపకూడదు.

మనసుకు తెలియకపోయినా కణాలకు తెలుస్తుందని 2019 నోబెల్ వైద్య బహుమతి లోకానికి గుర్తుచేసింది. కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురు విడదీసిన రహస్యం అది. ప్రతి కణంలో హిఫ్ అనే ప్రొటీను తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు దానికి ఒక గుర్తు పడుతుంది, ఆ గుర్తును చూసి కణం దాన్ని నాశనం చేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. మిగిలిపోయిన హిఫ్ కేంద్రకంలోకి వెళ్ళి ఎన్నో జన్యువులను మేల్కొలుపుతుంది. మూత్రపిండాల్లో ఎరిత్రోపోయెటిన్ ఊరి, ఎముక మజ్జ ఎర్రకణాలను పెంచడం అందులో ఒకటి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడైనవాళ్ళు రక్తహీనతతో కుంగిపోవడానికి కారణం కూడా ఈ దారి తెగడమే. వాళ్ళకిచ్చే ఇంజెక్షన్లలో ఉండేది ఆ ఎరిత్రోపోయెటినే. అయితే ఈ ఏర్పాటు గంటలూ రోజులూ తీసుకుని పనిచేస్తుంది. నిమిషాల్లో ముంచుకొచ్చే హైపాక్సియాకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నిమిషాలు కూడా కాదు, సెకన్లలో ముంచుకొచ్చే చోట్లున్నాయి. 1981 మార్చి 19న అమెరికాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రంలో కొలంబియా షటిల్ వెనక భాగంలోకి కొందరు కార్మికులు వెళ్ళారు. మంటలు రాకుండా అందులో నత్రజని నింపి ఉందని వాళ్ళకు తెలియదు. నత్రజని విషం కాదు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. లోపలికెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే కూలిపోయారు, వాళ్ళలో ఒకరు ఆ రోజే చనిపోయారు, మరొకరు కొద్ది రోజులకు.

ఊపిరి బిగబట్టి నిమిషంపాటు ఉండగలిగే మనిషి అలా సెకన్లలో ఎందుకు పడిపోయాడు? బిగబట్టినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఆక్సిజన్ లేని గాలిని పీల్చినప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. సిరల నుంచి వచ్చిన రక్తంలో ఇంకా మిగిలిన ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది, అక్కడి నుంచి బయటికి పోతుంది. అక్కడ తీసే ప్రతి ఊపిరీ రక్తాన్ని ఖాళీ చేస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్ మామూలుగానే బయటికి పోతోంది కాబట్టి ఉక్కిరిబిక్కిరి ఉండదు. కేక వేసే వ్యవధీ ఉండదు.

2015 నవంబరు 26న కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ఆంధ్ర కూలీలు పడిపోయారు. దగ్గర్లో ఉన్న ఒక ఆటోడ్రైవర్ వాళ్ళను కాపాడదామని దిగాడు. ముగ్గురూ చనిపోయారు. మురుగు గుంతల్లో మీథేన్, కార్బన్ డై ఆక్సైడ్ చేరి ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తాయి. వాటితోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది సైనైడ్ పట్టుకునే ఎంజైమునే పట్టుకుంటుంది. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన, ఎక్కువైతే వాసన తెలిసే నరాలే మొద్దుబారతాయి. వాసన పోయింది కదా అని దిగినవాడు అత్యంత ప్రమాదకరమైన క్షణంలో దిగినట్టు.

పాతబావిలో పూడిక తీసే ముందు లాంతరు దించి చూడడం మన పల్లెల్లో పెద్దవాళ్ళు పాటించిన పద్ధతి. దీపం ఆరితే దిగకూడదు, ఆ మాట నిజం. ఆక్సిజన్ పదహారు శాతానికి అటూ ఇటూ తగ్గితే మంట నిలవదు. కానీ ఆరకపోతే దిగొచ్చని కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను దీపం చెప్పదు, మీథేన్ ఉంటే దీపమే పేలుడుకు నిప్పు. మురుగు గుంతల దగ్గర దీపం మాటే ఎత్తకూడదు. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గగానే మోగే గ్యాస్ మీటర్లు ఎప్పుడో వచ్చాయి.

సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన నడిపే సఫాయి కర్మచారి ఆందోళన్ దీని కోసం దశాబ్దాలుగా పోరాడుతున్నారు. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. గ్యాస్ మీటరు ఖరీదు అందులో చిన్న భాగం కూడా కాదు.

మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండితే యంత్రమున్న బండినే పిలవండి, మనిషిని దించుతానంటే ఒప్పుకోకండి. బావిలోనో గుంతలోనో ఎవరైనా పడిపోతే వెనకే దూకకండి, 101కి ఫోన్ చేసి గాలి సిలిండర్లున్న అగ్నిమాపక సిబ్బందిని రప్పించండి.